రాణిగారి పడక తెర: క్లోద్ మొర్లో కేసు, పారిస్, జులై 1649

1649 జులై 17, శనివారం తెల్లవారుజామున పారిస్‌లో క్లోద్ మొర్లో అనే ముద్రాపకుడు ఒక కరపత్రం అచ్చువేస్తూ పట్టుబడ్డాడు. అదే రోజు షాత్లే కోర్టు అతనికి ఉరిశిక్ష వేసింది. అప్పీలు పై కోర్టుకు వెళ్లింది. సోమవారం విచారణ మొదలై మంగళవారం ముగిసింది, శిక్ష ఖాయమైంది. ఆ మంగళవారమే బండి ఎక్కించి ఉరికి తీసుకెళ్తుంటే, కోర్టు ఆవరణ దాటగానే జనం రాళ్లు, కర్రలు, కత్తులతో కాపలా బంట్ల మీద పడ్డారు. బంట్లు ముప్పై ఐదు మంది. కాసేపు నిలబడి, తర్వాత పరుగు తీశారు. తలారీ వాళ్ల వెంటే పారిపోయాడు. మొర్లో బతికిపోయాడు. ఉరి చూపించి కొరడా దెబ్బలు కొట్టడానికి అదే బండి వెనక కట్టిన మరో ఖైదీ కూడా బయటపడ్డాడు. ఒక బంటు చనిపోయాడు. ఈ వివరాలు ఆనాటి పారిస్ వైద్యుడు గీ పతిన్ మర్నాడే రాసిన ఉత్తరంలో ఉన్నాయి.

ఆ కరపత్రం పేరు ‘లా క్యుస్తోద్ ద లా రేన్ కీ ది తూ’. క్యుస్తోద్ అంటే మంచం చుట్టూ వేలాడే తెర. ‘అంతా చెప్పేసే రాణిగారి పడక తెర’ అనుకోవచ్చు.

ఈ కేసు తీసుకోవడానికి కారణం ఉంది. 1648 నుంచి 1653 వరకు సాగిన ఫ్రాండ్ తిరుగుబాటులో అచ్చయిన కరపత్రాల శీర్షికలు దాదాపు 5,000. వాటిలో అధికభాగం ప్రధానమంత్రి కార్డినల్ మజారిన్‌ను దొంగ అన్నవి, విదేశీయుడు అన్నవి, అంతకంటే ఘోరంగా తిట్టినవి. వీధిలో అరిచి అమ్మారు. అమ్మినవాళ్లు, అచ్చువేసినవాళ్లు చాలావరకు క్షేమంగానే ఉన్నారు. అలాంటప్పుడు ఈ ఒక్క కాగితం మూడు రోజుల్లో మనిషిని ఉరికంబం దాకా ఎలా తీసుకెళ్లింది? ‘బూతు ఎక్కువైంది కాబట్టి’ అనే జవాబు సగమే నిజం. కరపత్రాన్ని అభిప్రాయంగా చదివితే అంతకుమించి తేలదు. ఫలానా రోజున, ఫలానావాడి అండతో, లేదా అండ లేకుండా, చేసిన పనిగా చదివితే మిగతా సగం కనిపిస్తుంది.

నేపథ్యం, క్లుప్తంగా

13వ లూయీ 1643 మే 14న పోయేనాటికి కొడుకు 14వ లూయీకి అయిదేళ్లు నిండలేదు. తల్లి ఆన్ రాజప్రతినిధి అయింది. ఆమె మంత్రి ఇటలీలో పుట్టిన మజారిన్. స్పెయిన్‌తో యుద్ధం, దానికోసం పన్నులు, కొత్త ఉద్యోగాలు సృష్టించి అమ్ముకోవడం. 1648లో పారిస్ పార్లమాన్ ఎదురు తిరిగింది. ఇక్కడ తెలుగు పాఠకుడు తడబడే చోటు ఒకటుంది. పార్లమాన్ అంటే పార్లమెంటు కాదు, ఎన్నికైన సభ అసలే కాదు. అది ఉన్నత న్యాయస్థానం. రాజశాసనాలను నమోదు చేసే అధికారం దానిది, ఆ నమోదు దగ్గరే దాని బలమంతా. తిరుగుబాటు పేరు ఫ్రాండ్ అంటే వడిసెల. పారిస్ పిల్లలు వడిసెలలతో రాళ్లు రువ్వుకునే ఆట నుంచి వచ్చిన వెక్కిరింపు మాట.

1649 జనవరి 5 రాత్రి తెల్లారితే 6, రాణి పిల్ల రాజుతో సహా సెయింట్ జెర్మెన్‌కు జారుకుంది. 8న పార్లమాన్ మజారిన్‌ను ప్రజాశాంతికి భంగం కలిగించేవాడని ప్రకటించింది. రాణి పక్షాన కొందే రాకుమారుడి సైన్యం నగరాన్ని దిగ్బంధించింది. మార్చి 11న రుయెల్‌లో ఒప్పందం కుదిరింది, ఏప్రిల్ 1న నమోదైంది. అయినా రాణి వెంటనే తిరిగి రాలేదు. జులైలో దర్బారు కోంపియేన్‌లో ఉంది. మొర్లో అరెస్టు ఈ ఖాళీలో జరిగింది. యుద్ధం ముగిసింది, రాజు ఇంకా ఇంటికి రాలేదు. ఈ సంగతి తర్వాత అక్కరకొస్తుంది.

ఒక షీటు లెక్క

ఈ కరపత్రాలన్నిటికీ ప్రాణం ఒకే కొలత: ఒక షీటు. షీటును రెండుసార్లు మడిస్తే నాలుగు ఆకులు, ఎనిమిది పేజీల క్వార్టో. మొదటి పేజీ శీర్షిక, రెండోది తరచుగా ఖాళీ, మూడో పేజీ నుంచి విషయం. అంటే రాతకు దొరికేది ఆరు పేజీలు. కుట్టు అక్కర్లేదు, బైండింగు అక్కర్లేదు. అందుకే కొన్ని లియార్లకే అమ్మగలిగేవారు (నాలుగు లియార్లు ఒక సూ, ఇరవై సూలు ఒక లీవ్రు).

1,000 ప్రతులకు కావలసింది 1,000 షీట్లు, అంటే రెండు రీములు. ఖర్చులో పెద్ద వాటా కాగితానిదే. పద్యమైతే ఆరు పేజీల్లో సుమారు 180 పాదాలు పడతాయి. ఇద్దరు కంపోజిటర్లు (టైపు అక్షరాలు పేర్చేవాళ్లు) కూర్చుంటే నాలుగైదు గంటల పని. అచ్చుయంత్రం చెక్కది. దాని వత్తుడు పలక ఫారంలో (ఒక పక్కకు పేర్చి బిగించిన టైపులో) సగాన్నే కప్పుతుంది కాబట్టి ఒక పక్కకు రెండు లాగుళ్లు, రెండు పక్కలకు నాలుగు. 1,000 ప్రతులంటే 4,000 లాగుళ్లు. ఒకడు తోలు బంతులతో సిరా అద్దుతాడు, ఒకడు కడ్డీ లాగుతాడు. గంటకు 250 షీట్లు ఒక పక్క పడతాయన్నది కాగితం మీద లెక్క. ఆగుళ్లు, తుడుపులు కలిపితే రెండు పక్కలకూ పది పన్నెండు గంటలు పడుతుంది. ఉదయం చేతికొచ్చిన రాతప్రతి మర్నాడు తెల్లారేసరికి వంతెన మీద అమ్మకానికి రావడం ఇలా సాధ్యమైంది.

ఈ లెక్కలోనే ప్రమాదమూ ఉంది. దొంగచాటు అచ్చు రాత్రిపూటే సాగాలి, కానీ చెక్క యంత్రం చప్పుడు వీధికి వినపడుతుంది. అచ్చుకు ముందు కాగితం తడపాలి, అచ్చయ్యాక ఆరబెట్టాలి. తెల్లవారుజామున ఎవరైనా తలుపు తోసుకుని వస్తే మూడు సాక్ష్యాలు ఒకేచోట ఉంటాయి: యంత్రం మీద బిగించిన ఫారం, తడి షీట్ల కుప్ప, కంపోజిటర్ ఎదుట రాతప్రతి. టైపు విప్పి గళ్లలో వేసేస్తే మొదటిది మాయమవుతుంది. కానీ చివరి షీటు పడేదాకా విప్పలేరు. ముద్రాపకుడు అందరికంటే బలహీనంగా ఉండేది సరిగ్గా ఆ గంటల్లోనే. పతిన్ రాసిన ‘తెల్లవారుజామున’ అన్న మాట బరువు అక్కడ తెలుస్తుంది.

రచయితకు ఈ ఇబ్బంది లేదు. అతని పేరు కాగితం మీద ఉండదు. అమ్మేవాడు బుట్ట పారేసి సందులో దూరిపోతాడు. అరటన్ను చెక్క యంత్రంతో ముద్రాపకుడు ఎక్కడికి పోతాడు?

మొర్లో కొత్తవాడేం కాదు. అదే ఏడాది అతని పేరుతో, ‘బ్యూషెరీ వీధి, పాత స్నానశాలల దగ్గర’ అన్న చిరునామాతో అచ్చయిన కరపత్రాలున్నాయి. పేరు వేసి అమ్మినవి కొన్ని, పేరు లేకుండా రాత్రిపూట వేసినది ఇదొకటి. రెండు రకాలూ ఒకే దుకాణం నుంచి రావడం ఆనాడు మామూలే. శత్రువుల సాహిత్యం ఒకచోట, విధేయుల సాహిత్యం ఒకచోట అచ్చయ్యేవని ఊహించుకుంటే తప్పుదారి పడతాం. పనివాళ్ల కూలి, కాగితం అప్పు, వారం తిరిగేసరికి వచ్చే డబ్బు, దుకాణం నడిచేది వీటితో.

శాంతి ఒప్పందం తర్వాత ఈ లెక్క తలకిందులైంది. 1644 నాటి లెక్కలో పారిస్‌లో ముద్రణశాలలు దాదాపు 75, అచ్చుయంత్రాలు 180 చిల్లర. చలికాలపు దిగ్బంధంలో అవన్నీ కరపత్రాలతో నిండాయి. వసంతం వచ్చేసరికి గిరాకీ పడిపోయింది, పార్లమాన్ కూడా తిట్టు కరపత్రాల మీద నిషేధాలు బిగించింది. మామూలు వెక్కిరింపుకు కొనేవాడు లేనప్పుడు అమ్ముడుపోయేది మరింత ఘాటైన సరుకే. ‘పడక తెర’ జులైలో రావడాన్ని ఈ మార్కెట్ లెక్కతోనే అర్థం చేసుకోవాలి. రాణి మీద కోపం జనవరిలో ఇంకా ఎక్కువగా ఉండేది.

పాదంలో ఉన్న తేడా

ఫ్రాండ్ వ్యంగ్యానికి ఒక ఒప్పుకున్న వేషం ఉండేది: బుర్లెస్క్. ఎనిమిది అక్షరాల పొట్టి పాదాలు, జంట ప్రాసలు, దేవతలు వంటింటి భాష మాట్లాడటం. స్కారాన్ అనే కవి రోమన్ మహాకవి వర్జిల్ కావ్యాన్ని ఇలా తలకిందులు చేసి 1648లో అచ్చువేయడం మొదలుపెట్టాక ఆ బాణీ అంటువ్యాధిలా పాకింది. ఆ పాదం వినగానే శ్రోతకు ‘ఇది నవ్వులాట’ అని తెలుస్తుంది. హరిదాసు కథ మధ్యలో పిట్టకథ ఎత్తుకుంటే గొంతు మారినట్టు. ఆ గొంతులో అన్న మాటకు కొంత క్షమాభిక్ష ఉంటుంది. మజారిన్ ఇటాలియన్ యాసతో ‘యూనియోన్’ను ‘ఉన్యోన్’లా పలికి, కోర్టుల ఐక్యత తీర్మానాన్ని ఉల్లిపాయ తీర్మానం చేశాడని చెప్పుకున్న హాస్యం ఈ కోవలోదే.

‘పడక తెర’ మొదటి పాదం పన్నెండు అక్షరాలది, మధ్యలో ఆరింటి దగ్గర విరుపు. అంటే విషాదనాటకంలో రాజులూ రాణులూ మాట్లాడే పాదం. ‘ప్రజలారా, ఇక అనుమానం వద్దు’ అని గంభీరంగా ఎత్తుకుంటుంది. వెంటనే రెండో సగంలో మంత్రి రాణితో ఏం చేస్తున్నాడో సంతలో వాడే క్రియాపదంతో చెబుతుంది. తర్వాతి పాదంలో మంత్రిని ‘జూల్స్’ అని ఉత్త పేరుతో పిలుస్తుంది. చాటుమాటలు లేవు, దేవతల వేషాలు లేవు. కోర్టు ముందు ‘ఇది ఆటపద్యం’ అని వాదించడానికి వీలు మిగల్చలేదు. పైగా సంబోధన రాజునో పార్లమాన్‌నో కాదు, ‘ప్రజ’ను. నా లెక్కలో బూతు కంటే ఎక్కువ దెబ్బ తీసింది ఆ సంబోధనతో కలిసిన ఈ ఛందస్సు.

చట్టం ఎక్కడ తిరిగింది

జనవరి 8 తీర్మానం తర్వాత మజారిన్‌ను తిట్టడం ఒక రకంగా కోర్టు మాటను వీధి భాషలోకి దించడమే. ముద్రాపకుడికి అది కవచం. శాంతి తర్వాత కవచం పలుచబడింది గానీ పూర్తిగా పోలేదు. రాణి విషయంలో అది ముందునుంచీ లేదు. ఆమె రాజమాత, రాజప్రతినిధి, మైనరు రాజు పేరుతో సంతకం చేసేది ఆమే. ఆమె శీలం మీద మాట నేరుగా రాజద్రోహం అవుతుంది. ఇంకో మెట్టు దిగితే రాజు పుట్టుక మీద కూడా నీడ పడుతుంది. ఏ పక్షమూ ఆ నీడను కోరుకోలేదు. పార్లమాన్‌కు కావలసింది మంత్రిని పంపించడం, సింహాసనాన్ని కదిలించడం కాదు.

పైగా జులైలో పార్లమాన్ అవసరం వేరు. రాజు నగరానికి తిరిగి రావాలి. పారిస్ అదుపులో ఉందని కోంపియేన్‌కు చూపించాలి. శనివారం అరెస్టు, మంగళవారం ఉరి అనే వేగం ఆ చూపింపులో భాగం. ఆరు నెలల కింద మజారిన్‌ను శత్రువన్న కోర్టే మజారిన్‌ను తిట్టిన కాగితానికి ఉరి ఖాయం చేసింది. ఇందులో వైరుధ్యం వెతకనక్కర్లేదు. సందర్భం మారింది, అంతే.

మూడో కారణం అండ లేకపోవడం. దీనికి పోలిక కావాలి. నికొలా వివనే, తర్వాత తానూ దర్బారుకు ఎదురు తిరిగిన కొందే రాకుమారుడికి ముద్రాపకుడు. పెద్దమనిషి నీడలో వేసిన కాగితం కోసం తలుపు తట్టాలంటే బంట్లకు సైతం జంకు. పారిస్ ఆర్చిబిషప్‌కు సహాయకుడుగా ఉండి తర్వాత కార్డినల్ ద రెట్జ్ అయిన గోందీ, 1651లో తన పక్షాన ఒక కరపత్రం దించినప్పుడు యాభై మంది అమ్మకందార్లను ఒకేసారి వేర్వేరు వీధుల్లోకి వదిలి, వాళ్లకు కాపుగా మనుషుల్ని పెట్టానని జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. అచ్చు ఒక ఖర్చు, కాపలా ఇంకో ఖర్చు. మొర్లో వెనక అలా నిలబడ్డవాళ్లెవరూ విచారణలో కనిపించరు.

ఇంకో పోలిక 1651 డిసెంబర్ 29ది. పార్లమాన్ మజారిన్ తలకు 1,50,000 లీవ్రుల వెల కట్టింది. ఆ డబ్బు అతని గ్రంథాలయం అమ్మి తేవాలట. మజారిన్ గ్రంథపాలకుడు గాబ్రియెల్ నోదే కూడబెట్టిన దాదాపు 40,000 సంపుటాలు అవి. దాని వెంటనే ‘ధరల పట్టిక’ పేరుతో ఒక కరపత్రం వచ్చింది. మారిన్యీ అనే కవి రాశాడని ప్రతీతి. ముక్కు కోస్తే ఇంత, చెవికి ఇంత, కంటికి ఇంత, పుంస్త్వం తీసేస్తే ఇంత అని బహుమానాన్ని వాటాలు వేసింది. హింస లెక్కన చూస్తే ఇది ‘పడక తెర’ కంటే చాలా ముదురు. కానీ కోర్టు తీర్మానాన్నే అనుకరిస్తోంది, గురి మంత్రి ఒక్కడే, రూపం నవ్వులాట, వెనక పక్షం ఉంది. మొర్లో కాగితానికి ఈ నాలుగింటిలో ఒక్కటీ లేదు.

జనం ఎందుకు కాపాడారు

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ‘రాణి మీద ఆరోపణను జనం నమ్మారు, అందుకే ముద్రాపకుణ్ని విడిపించారు’ అని రాసేస్తారు. 1649 ఆగస్టు 18న, అంటే 29 రోజుల తర్వాత, రాణి, రాజు, వాళ్లతో మజారిన్ కూడా పారిస్‌లోకి తిరిగి వచ్చారు. అదే నగరం జేజేలు కొట్టింది. నెల తిరగకుండా అభిప్రాయం అంతలా మారదు.

విడిపించిన మూకలో అచ్చుపనివాళ్లు ఉండటం సహజం. మొర్లోకు పట్టిన గతి రేపు వాళ్లలో ఎవరికైనా పట్టవచ్చు. న్యాయస్థానం చుట్టూ పుస్తకాల అంగళ్లు, కాస్త దూరంలో అచ్చుకూటాల వీధులు. ఉరిబండి వాళ్ల గుమ్మాల ముందు నుంచే పోతోంది. బంట్లంటే ఉన్న పాత కసి వేరే. పైగా ముందు ఏడాది ఆగస్టులో పార్లమాన్ న్యాయమూర్తి బ్రూసెల్ అరెస్టు, బారికేడ్లు, వీధి గెలిచిన జ్ఞాపకం ఇంకా తాజాగా ఉంది. వీటిలో ఏ ఒక్కదానికీ కరపత్రం చదివి ఉండాల్సిన పనే లేదు. బండి వెనక కట్టిన రెండో ఖైదీని కూడా విడిపించారన్నది గుర్తుంచుకోవాలి. అతను తెర గురించి ఒక్క పాదమూ అచ్చువేయలేదు.

ఇలాంటి కాగితం చేతికొస్తే

ముందు ప్రతిని కొలవండి. షీట్ల సంఖ్య, పేజీల అడుగున ఉన్న గుర్తులు (ఏ, ఏ-2), పేజీ చివర తర్వాతి పేజీ మొదటి మాట వేశారా లేదా. ఒకే శీర్షిక రెండుమూడు అచ్చుకూటాల్లో దొంగచాటుగా మళ్లీ కూర్చిన సందర్భాలు కొల్లలు. పేజీ విరుపులు సరిపోతే ఒకే అచ్చు అనుకోకండి, ఎందుకంటే దొంగ ప్రతి వేసేవాడు అసలు ప్రతిని పాదానికి పాదం అనుసరిస్తాడు. ఒక పేజీలో పది పాదాల చివరి అక్షరాలు, విరామ చిహ్నాలు, అరిగిన టైపు ఎక్కడెక్కడ పడిందో పోల్చాలి. శీర్షిక పైన ఉండే చెక్క అలంకారపు పట్టీ, మొదటి పెద్దక్షరం ఇంకా మంచి సాక్షులు. చెక్క దిమ్మెలో చీలిక పడితే ఆ చీలిక ముద్రాపకుడు తన పేరు వేసిన కరపత్రంలోనూ పేరు వేయని దానిలోనూ కనిపిస్తుంది. పేరులేని కాగితాన్ని దుకాణానికి చేర్చే దారి చాలాసార్లు ఇదొక్కటే.

ముఖపత్రం మీది ‘ఆన్వెర్‌లో (ఆంట్‌వెర్ప్‌లో) అచ్చయినది’ లాంటి మాటలకు విలువ ఇవ్వకండి. ‘అనుమతితో’ అన్న మాటకు కొంత ఇవ్వవచ్చు, అదీ ఇతర ఆధారాలు కలిస్తేనే. ఏడాది రోమన్ అంకెల్లో ఉంటుంది, నెల ఉండదు. ఫ్రాన్స్‌లో అప్పటికే ఏడాది జనవరి 1న మొదలయ్యేది కాబట్టి ఇంగ్లండు పత్రాల్లోలా సంవత్సరం సరిచేసే బాధ లేదు. నెల కోసం లోపలి సంగతులు వెతకాలి. ఇంగ్లండు రాజు చార్లెస్ తల నరకడం కొత్త కాలెండరులో 1649 ఫిబ్రవరి 9. దాని ప్రస్తావన ఉంటే కాగితం ఆ తర్వాతిదే. లేకపోతే ఏమీ రుజువు కాదు.

సంపుటాల విషయంలో ఇంకా జాగ్రత్త. ఇవి ఎక్కువగా సేకర్తలు తర్వాత కలిపి బైండు చేయించినవి. ఒకదాని పక్కన ఒకటి ఉందంటే ఒక వారంలో వచ్చాయని కాదు, ఒక షెల్ఫులో చేరాయని మాత్రమే. సెలెస్తిన్ మొరో 1850, 1851లో తెచ్చిన మూడు సంపుటాల పట్టిక నాలుగు వేలకు పైగా శీర్షికలకు అంకెలిచ్చింది. ఇవాళ్టికీ ఆ అంకెలతోనే మాట్లాడుకుంటాం. కానీ అది అక్షరక్రమం, కాలక్రమం కాదు. వరుసగా చదివితే జనవరి దిగ్బంధపు ఆకలి పక్కనే 1652 జులై కొట్లాట కనిపించి, అయిదేళ్లూ ఒకే పాట పాడినట్టు అనిపిస్తుంది. కాగితాలను ముందు వారాల వారీగా వేరు చేసుకుని, అప్పుడు చదవాలి. ‘పడక తెర’ను ఏప్రిల్‌కూ ఆగస్టుకూ మధ్య దాని సొంత వారంలో పెట్టకపోతే ఈ కేసే తేలదు.

చివరి తప్పు వెనక్కి చదవడం. మారీ ఆంత్వానెత్ మీద 1780ల్లో వచ్చిన పడకగది కరపత్రాలు తెలిసినవాళ్లకు 1649 నాటి తెర దానికి రిహార్సల్‌లా కనిపిస్తుంది. పరువు తీసే పద్ధతి నిజంగానే ఒకటే: విదేశీ రాణి, చుట్టూ చేరినవాళ్లు, మంచం. పని మాత్రం వేరు. ఆన్ మీద రాసిన కాగితం నలిపి పారేయదలచుకున్నది మంత్రిని. మొదటి పాదంలో రాణి ‘ఆమె’ అన్న సర్వనామంగానే వస్తుంది. పేరు పెట్టి పిలిచింది జూల్స్‌ను ఒక్కడినే.